గుల్లలో మాంసం: నౌపడ ఉప్పుటేటి నుంచి సముద్రపు చెవి దాకా

పెంకు లోపల మెత్తటి ఒళ్ళు దాచుకుని బతికే నీటి జీవులను శాస్త్రవేత్తలు మొలస్కాల్లో చేరుస్తారు. తీరంలో వాటన్నిటికీ గుల్లలనే పేరు చెల్లుతుంది. ఎండిపోయిన ఉత్త పెంకూ గుల్లే, బతికున్న జీవీ గుల్లే, కూరగిన్నెలో ఉన్న మాంసమూ గుల్లే. వీటిలో మనుషులు ఎక్కువగా తినేవి రెండు తెగలు. మొదటిది రెండు చిప్పలు మడతబందులా కలిసి మూసుకునే తెగ. బురదలో, ఇసుకలో ఉండే మామూలు గుల్లలు, రాళ్ళకు అంటుకునే ఆల్చిప్పలు దీనిలోవి. రెండోది ఒకే పెంకున్న తెగ. నత్తలు, శంఖాలు, గవ్వలు దీని కిందికి వస్తాయి. ప్రపంచంలో అత్యంత ఖరీదైన గుల్ల మాంసమని పేరుపడ్డ అబలోన్ కూడా ఈ ఒంటి పెంకు తెగదే, అంటే నత్తలకు చుట్టం.

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని నౌపడ పేరు చెబితే జనానికి గుర్తొచ్చేవి ఉప్పూ రైలూ. హౌరా–చెన్నై ప్రధాన మార్గంలో అదొక జంక్షన్. 1900లో అక్కడి నుంచి పర్లాకిమిడికి సన్నపట్టాల రైలు వేశారు. ఇప్పుడు అది పెద్దపట్టాల మార్గమై గుణుపూరు దాకా వెళ్తోంది. రైలు కిటికీలోంచి కనిపించే తెల్లటి కుప్పలు ఉప్పు మడులవి. ఆ మడులకు నీళ్ళిచ్చే ఉప్పుటేరే గుల్లలకు ఇల్లు. టెక్కలి వైపు నుంచి వచ్చే ఏరు తంపర నేలల గుండా సాగి భావనపాడు దగ్గర బంగాళాఖాతాన్ని చేరుతుంది. తంపర అంటే ఉత్తరాంధ్రలో ఏడాదిలో చాలాకాలం నీరు నిలిచి ఉండే పల్లపు నేల. వానాకాలంలో పైనుంచి మంచినీరు దిగుతుంది, వేసవిలో సముద్రపు నీరు పైకి ఎగదన్నుతుంది. చేపలకూ రొయ్యలకూ గుల్లలకూ ఈ కలగలుపు నీరే మేత. దగ్గర్లోని తేలినీలాపురానికి ఏటా సెప్టెంబరులో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి చేరేది కూడా ఈ నీళ్ళ మేత కోసమే.

గుల్లల బతుకంతా నీటిలోని ఉప్పు పాలుతో ముడిపడింది. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఉప్పుటేట్లో అది వానల్లో బాగా పడిపోతుంది, ఎండల్లో సముద్రాన్ని మించుతుంది. ఇంత తేడాను చాలా జీవులు తట్టుకోలేవు. ఆల్చిప్ప తట్టుకుంటుంది. ఉప్పు మరీ తగ్గినా మరీ పెరిగినా రెండు చిప్పలూ బిగించేసి, తనకు సరిపడే నీరు వచ్చేదాకా రోజుల తరబడి అలాగే ఉండగలదు. బురదలో ఉండే గుల్లకు అంత ఓపిక లేదు. పెద్ద వరద వచ్చి నీరంతా చప్పబడి చాలాకాలం నిలిస్తే గుంపులు గుంపులుగా చచ్చిపోతుంది.

గుల్లల ఏరివేత పోటుపాట్ల లెక్కతో నడుస్తుంది. ఈ తీరంలో రోజుకు రెండుసార్లు నీరు ఎక్కి రెండుసార్లు దిగుతుంది. అమావాస్యకూ పున్నానికీ ఆ ఎక్కుదిగుళ్ళ తేడా ఎక్కువ, అందుకే ఆ రోజుల్లో పాటు తీసినప్పుడు మామూలుగా మునిగి ఉండే నేల కూడా బయటపడుతుంది. ఏరే పనికి పడవ అక్కర్లేదు, వల అక్కర్లేదు. బుట్ట, చిన్న కొడవలో పారో, అన్నిటికన్నా ముఖ్యంగా అలవాటైన పాదాలు చాలు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట ఆగిపోతుంది. వేట లేని ఆ ఎండాకాలంలో ఒడ్డున చేతికి దొరికే గుల్లకు విలువ పెరుగుతుంది.

తడి బురద మీద గుల్ల జాడ కళ్ళకు దొరుకుతుంది. పక్కపక్కనే రెండు చిన్న చిల్లులు, ఒక్కోసారి రెండూ కలిసి తాళం కప్ప కన్నంలా కనబడతాయి. గుల్ల బురదలో మునిగి రెండు గొట్టాలను పైకి చాస్తుంది. ఒకదానితో నీరు పీల్చి, అందులోని కంటికి ఆనని నాచును వడకట్టుకుని, రెండోదాంతో నీటిని వదిలేస్తుంది. అడుగు దగ్గరగా పడితే గొట్టాలు చటుక్కున లోపలికి లాక్కుంటుంది, ఆ ఊపుకు ఓ సన్నటి నీటి ధార పైకి చిమ్ముతుంది. ఏరేవారు ఆ ధారను చూసి వంగుతారు. వేళ్ళు బురదలోకి నిలువునా దించి కింద నుంచి తోడితే నున్నటి పెంకు తగులుతుంది. మోకాలి లోతు నీళ్ళలో చిల్లులు కనబడవు గనుక అక్కడ పాదమే చూపు. మడమతో బురదను నొక్కుతూ నడిస్తే, అరికాలికి రాయి తగిలినట్టు ఉన్నా రాయికన్నా నున్నగా తగిలేది గుల్ల. కాలివేళ్ళతోనే దాన్ని పట్టి పైకి ఎత్తి చేతికి అందుకోవడం చిన్నప్పటి నుంచీ నీళ్ళలో తిరిగినవారికి మాటల్లో పని.

ఆల్చిప్పల సంగతి వేరు. ఒక చిప్పను రాతికో, వంతెన కాలుకో, పాత ఆల్చిప్పకో సున్నంతో అతికించుకుని జీవితాంతం అక్కడే ఉంటాయి. వీటిని ఏరడం కుదరదు, ఉలితోనో సుత్తితోనో ఊడగొట్టాలి. అంచులు కత్తుల్లా కోస్తాయి, కోసిన గాయం తొందరగా మానదు. నల్లగా పొడుగ్గా, అంచున ఆకుపచ్చ మెరుపుతో ఉండే మరో రకం ఆల్చిప్ప పట్టుదారాల్లాంటి పోగులు తయారుచేసుకుని వాటితో రాతికి కట్టుకుంటుంది. శ్రీకాకుళం ఒడ్డు ఎక్కువగా ఇసుక కనుక ఈ రకానికి అంత చోటు లేదు. దక్షిణంగా వెళ్ళి విజయనగరం జిల్లా చింతపల్లి, ఆపైన భీమిలి, విశాఖ రాళ్ళు చేరాక కనబడుతుంది. అదే రాళ్ళ మీద రూపాయి బిళ్ళంత టోపీలు బోర్లించినట్టుండే ఒంటి పెంకు జీవులూ ఉంటాయి. వేలితో నెమ్మదిగా తాకి, ఆ తర్వాత లాగి చూస్తే పెంకు పగులుతుంది గాని జీవి ఊడదు. తాకకుండా ఒక్క దెబ్బలో పక్కకు తోస్తే మాత్రం ఊడి వస్తుంది. ఆ కాస్త తేడాలోనే అబలోన్ వేట కిటుకంతా ఉంది.

అబలోన్ శాస్త్రనామం హాలియోటిస్. గ్రీకులో ఆ మాటకు సముద్రపు చెవి అని అర్థం. పెంకు నిజంగానే చెవి తమ్మెలా బల్లపరుపుగా, ఒక పక్కకు కొద్దిగా మెలితిరిగి ఉంటుంది. అంచు వెంట వరుసగా చిల్లులుంటాయి. మొప్పల మీదుగా వెళ్ళిన నీరూ, లోపలి మలినమూ, గుడ్లూ వీర్యమూ ఆ చిల్లుల్లోంచే బయటికి పోతాయి. జీవి పెరిగేకొద్దీ ముందు కొత్త చిల్లు ఏర్పడుతుంది, వెనక పాతది పూడుకుపోతుంది. పెంకు కింద కనబడే మాంసంలో ఎక్కువ భాగం ఒకే ఒక కండ, అదే దాని పాదం. ఆ పాదంతోనే పాకుతుంది, ఆ పాదంతోనే రాతిని కరుచుకుని అలల దెబ్బలకు తట్టుకుంటుంది. తినేదీ ఆ పాదాన్నే. సముద్రపు నాచే దీని తిండి. అన్నిటికన్నా పెద్దది కాలిఫోర్నియా తీరపు ఎర్ర అబలోన్, దాని పెంకు 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. భారత జలాల్లో మన్నార్ సింధుశాఖలోనూ అండమాన్, నికోబార్ దీవుల్లోనూ దొరికే రకం చాలా చిన్నది, అరచేతిలో సగం నిండదు. కనుక నౌపడ సంతలో అబలోన్ వెతకడం వృథా. దానికి రాయి, తేటనీరు, మారని ఉప్పు కావాలి. ఉప్పుటేట్లో ఈ మూడూ లేవు.

పట్టే పద్ధతి పేరుకు తేలిక. అంచులు పదును లేకుండా నున్నగా అరగదీసిన ఓ బల్లపరుపు ఇనుప పట్టీని పాదానికీ రాతికీ మధ్యకు ఒక్క ఊపున దూర్చి పైకి ఎత్తాలి. దూర్చడానికి ముందు చేయి తగిలిందా, పాదం బిగుసుకుంటుంది. ఇక ఎంత లాగినా ప్రయోజనం ఉండదు. పట్టీకి పదును ఉండకూడదనే నియమానికి గట్టి కారణముంది. అబలోన్ రక్తం గడ్డకట్టదు. పాదం మీద చిన్న కోత పడినా రక్తం కారుతూనే ఉండి చచ్చిపోతుంది. కొలతకు రాని చిన్నదాన్ని ఊడదీసి తిరిగి నీళ్ళలో వేసినా, దానికి కోత పడి ఉంటే వేసి ప్రయోజనం లేదు. అందుకే రాతి మీద ఉండగానే కొలిచి, సరిపోతేనే ఊడదీయమని చాలా దేశాల్లో వేటగాళ్ళకు నేర్పుతారు.

జపాన్‌లో ఈ పని ఆమా అనే ఆడవాళ్ళది. గాలిబుడ్డి లేకుండా, బిగబట్టిన ఊపిరితో దిగి, సుమారు ఒక నిమిషంలో పట్టింది పట్టుకుని పైకి రావాలి. మియె రాష్ట్రంలో 10.6 సెంటీమీటర్ల కన్నా చిన్న అబలోన్‌ను ముట్టుకోకూడదు. గాలిబుడ్డిని వాళ్ళు కావాలనే దూరం పెట్టారు, ఊపిరి ఎంతసేపు నిలిస్తే వేట అంతే. కొరియాలోని జేజూ దీవిలో హేన్యోలని పిలిచే ఆడవాళ్ళు ఇదే పని చేస్తారు. నీటి పైకి తేలగానే వాళ్ళ నోటి నుంచి ఈల వేసినట్టు ఊపిరి బయటికి వస్తుంది, అది దూరానికి వినబడుతుంది. వాళ్ళ సంప్రదాయాన్ని 2016లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. వాళ్ళలో అరవై, డెబ్భై దాటినవారు చాలామంది. ఉప్పుటేట్లో కాలివేళ్ళతో గుల్లలు తీసే ఆడవాళ్ళ పనికీ జేజూ ఆడవాళ్ళ పనికీ లోతులో తేడా ఉంది, మెలకువలో లేదు.

తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో స్థిరపడిన ఆస్ట్రేలియాలో ఈ వేటకు వింత గడువుంది. పశ్చిమ ఆస్ట్రేలియా రాజధాని పెర్త్ దగ్గరి తీరంలో సరదా వేటగాళ్ళకు వేసవిలో లెక్కపెట్టిన కొన్ని ఉదయాలు మాత్రమే, అదీ 7 నుంచి 8 గంటల దాకా ఒక్క గంటే అనుమతి. లైసెన్సు ఉండాలి, తలా ఇన్నే తీయాలి. గంట కొట్టకముందు జనం రాతిదిబ్బల మీద బారులు తీరి నిలబడతారు. ఆ తొందరలో అలలకు కొట్టుకుపోయి ప్రాణాలు పోయిన సంఘటనలూ ఉన్నాయి.

పట్టిన తర్వాతి పని శుభ్రం చేయడం. వంట సగం అక్కడే గెలుస్తుంది, లేదా ఓడుతుంది. బురద గుల్లల పొట్టలో ఇసుక ఉంటుంది. వాటిని తెచ్చిన వెంటనే ఉడికిస్తే కూరంతా కరకరలాడుతుంది. ఏ నీటిలో బతికాయో అదే ఉప్పునీటిలో, లేదా అంతే ఉప్పు కలిపిన నీటిలో కొన్ని గంటలు, వీలైతే ఒక రాత్రి ఉంచితే తామే ఇసుకను కక్కేస్తాయి. మంచినీళ్ళలో వేస్తే నోరు బిగిస్తాయి, ఇసుక లోపలే ఉండిపోతుంది, గుల్ల కూడా చస్తుంది. ఆ తర్వాత పెంకులు రుద్ది కడిగి, కాసిని నీళ్ళు పోసి మూతపెట్టి పొయ్యిమీద ఉంచితే ఆవిరికి నోళ్ళు తెరుచుకుంటాయి. ఉడికినా మూసుకునే ఉన్నదాన్ని, ఉడకకముందే నోరు తెరిచి తట్టినా మూసుకోనిదాన్ని పారేయాలి. గిన్నె అడుగున మిగిలిన తెల్లటి నీటిని మాత్రం పారబోయకూడదు. కాసేపు తేరనిచ్చి, అడుగు ఇసుక వదిలి పైనీరు వంచుకుంటే పులుసుకు అంతకు మించిన రసం లేదు. రకాన్ని బట్టి కిలో గుల్లలకు చేతికొచ్చే మాంసం ఓ వంద గ్రాములకు అటూ ఇటూ. నలుగురికి కూర కావాలంటే బుట్టెడు ఏరాలి.

నత్తలను ఉడికించి పిన్నీసుతోనో ముల్లుతోనో మెలితిప్పుతూ లాగాలి. చివర ఉండే నల్లటి పేగు భాగాన్ని తుంచేయాలి. అబలోన్‌కు కొంచెం శ్రమ ఎక్కువ. పెంకుకూ కండకూ మధ్య గరిటె దూర్చి కండను విడదీసి, పేగుల సంచీని వేరుచేసి, నోటి దగ్గర ఉండే గరుకు నాలుకను కోసేయాలి. పాదం చుట్టూ ఉండే నల్లటి జిగురును ఉప్పు వేసి కుంచెతో రుద్దితే పోతుంది. ఇంత అయ్యాక కూడా చేతిలో ఉన్నది రబ్బరు ముద్దలాగే ఉంటుంది.

ఆ రబ్బరుతనం ఏ గుల్ల వంటకైనా ఎదురయ్యేదే. రాతిని కరవడానికీ బురదను తోడుకోవడానికీ తయారైన కండలో కొల్లాజెన్ అనే గట్టి పోగుల మాంసకృత్తు ఎక్కువ. వేడి సోకగానే ఆ పోగులు ముడుచుకుని కండలోని నీటిని పిండేస్తాయి. కాస్త వేడి తగిలి తీసేస్తే మాంసం మెత్తగా ఉంటుంది. కొద్ది నిమిషాలు దాటితే చెప్పుతోలు అవుతుంది. అయినా ఆపకుండా గంటల తరబడి సన్నటి సెగ మీద ఉంచితే ఆ పోగులు కరిగి జిగురుగా మారి మళ్ళీ మెత్తబడుతుంది. వండేవారికి రెండే దారులు, క్షణాలు లేదా గంటలు. నడుమ ఏదీ లేదు. గుల్లల కూర సాగుతోందని పళ్ళెం పక్కకు పెట్టేవారిలో చాలామంది తిన్నది ఆ నడుమ ఆగిన కూర.

ఉత్తరాంధ్ర ఇళ్ళలో గుల్లల ఇగురు క్షణాల దారిని పట్టుకుంటే బాగుంటుంది. మసాలా పూర్తిగా ముందే వేగిపోవాలి. సన్నగా తరిగిన ఉల్లి, పచ్చిమిర్చి నూనెలో ఎర్రబడ్డాక అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, ధనియాల పొడి, పసుపు వేసి, దాచిన గుల్లల నీరు పోసి మరిగించి చిక్కబరచాలి. నూనె పైకి తేలాకే ముందుగా ఆవిరికి విచ్చుకున్న మాంసం వేసి రెండు మూడు తిప్పులు తిప్పి దించేయాలి. ఉప్పు అన్నిటికన్నా చివర, రుచి చూశాకే. గుల్ల తన సముద్రాన్ని తానే తెచ్చుకుంటుంది గనుక ముందే వేసిన ఉప్పు కూరను పాడుచేస్తుంది. ఉప్పు పండించే నౌపడలో ఈ ఒక్క కూరకు ఉప్పు డబ్బా దూరంగా ఉంచడమే మేలు. పులుసు చేస్తే చింతపండు రసం పూర్తిగా మరిగి పచ్చివాసన పోయాకే మాంసం వేయాలి. సొరకాయ ముక్కలు వేసుకుంటే అవి గుల్లల నీటిని పీల్చుకుని మాంసంతో పోటీపడతాయి. ఆవపెట్టిన కూరలకు ఈ ప్రాంతం పెట్టింది పేరు. నానబెట్టి నూరిన ఆవముద్దను పొయ్యి దించాక కలిపితే దాని ఘాటు గుల్లల తీపి మీద చక్కగా కుదురుతుంది. పక్కనున్న పలాస జీడిపప్పు పచ్చిది దొరికే రోజుల్లో గుప్పెడు వేస్తే గుల్ల ఏదో జీడిగింజ ఏదో పంటికి తేడా తెలియదు.

అబలోన్ విషయంలో రెండు దారులనూ మనుషులు చివరిదాకా నడిచారు. జపాన్‌లో పచ్చి కండను పలచగా కోసి, ఉడికించకుండా తింటారు. అది కరకరమంటుంది, నమిలేకొద్దీ తీపి వస్తుంది. కాలిఫోర్నియాలో పాదాన్ని అడ్డంగా బిళ్ళలు కోసి, చెక్క సుత్తితో పోగులు సడలేదాకా కొట్టి, పిండి అద్ది సలసల కాగే నూనెలో ఒక్కో పక్క అర నిమిషమో ముప్పావు నిమిషమో ఉంచి తీస్తారు. కొరియావాళ్ళు బియ్యం జావలో వేస్తారు. పేగుల సంచీని కూడా చిదిమి కలపడం వల్ల ఆ జావ లేత ఆకుపచ్చగా ఉంటుంది. జబ్బుపడి లేచినవారికి దాన్ని పెడతారు, ఇక్కడ చోడి అంబలి పట్టించినట్టుగా. గంటల దారి చైనాది. ఉడికించి నెలల తరబడి ఎండబెట్టిన అబలోన్‌ను రోజుల కొద్దీ నానబెట్టి, కోడి, పందిమాంసాల రసంలో సన్నటి సెగ మీద గంటల తరబడి ఉంచుతారు. చివరికి కండ నడిమి భాగం జిగురుగా, పంటికి అంటుకునేలా తయారవుతుంది. ఎండిన వాటిని తూకానికి ఎన్ని తూగాయో లెక్కపెట్టి అమ్ముతారు. సుమారు 600 గ్రాముల తూకానికి రెండే తూగితే అవి కుబేరుల వంటింటికి, ఇరవై తూగితే మామూలు పెళ్ళి విందుకు.

రుచి ఎక్కడి నుంచి వస్తుందో కొంతవరకు తెలుసు. ఉప్పునీటిలో బతికే జీవి తన కణాల్లోని నీరు బయటికి పోకుండా లోపల కొన్ని అమైనో ఆమ్లాలను దట్టంగా నింపుకుంటుంది. వాటిలో గ్లైసిన్ నాలుకకు తియ్యగా ఉంటుంది, గ్లూటమిక్ ఆమ్లం మాంసపు కమ్మదనాన్ని ఇస్తుంది. అబలోన్ రుచిలో ఈ రెండిటిదే పెద్దపాలు. బురద గుల్లల రసంలో సక్సినిక్ ఆమ్లం కూడా చేరి ఆ ప్రత్యేకమైన, కొంచెం వగరు కలిసిన కమ్మదనం వస్తుంది. ఉప్పు ఎక్కువున్న నీటిలో పెరిగిన గుల్లకు రుచి ఎక్కువ ఉండడం ఇందువల్లే. వేసవిలో ఏరింది వానల్లో ఏరిందానికన్నా చిక్కగా తగులుతుంది. గుడ్లు పెట్టే కాలం ముందు ఆల్చిప్ప ఒళ్ళంతా గ్లైకోజెన్ అనే పిండిపదార్థంతో నిండి పాలమీగడలా ఉంటుంది. గుడ్లు వదిలేశాక పలచబడి నీళ్ళోడుతుంది. ఆ మాంసానికి వంటవారు ఎంత మసాలా దట్టించినా లాభం లేదు.

గుల్లకు తిండి పెట్టే వడపోతే ఒక్కోసారి తినేవారి ప్రాణం మీదికి తెస్తుంది. ఆల్చిప్ప గంటకు కొన్ని లీటర్ల నీటిని వడకడుతుంది. ఆ నీటిలో ఊరి మురుగు కలిస్తే దానిలోని సూక్ష్మక్రిములన్నీ పొట్టలో పోగవుతాయి. వీటిని బాగా ఉడికిస్తే చంపవచ్చు. ఉడికించినా పోని విషం మరొకటుంది. సముద్రంలో కొన్ని రకాల సూక్ష్మ నాచులు ఒక్కసారిగా పెరిగినప్పుడు వాటిని తిన్న ఆల్చిప్పల్లో నరాలను స్తంభింపజేసే విషం చేరుతుంది. ఆల్చిప్పకు ఏమీ కాదు. తిన్న మనిషికి ముందు పెదవులు, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, ముదిరితే ఊపిరాడదు. 1997లో కేరళలోని విళింజం ప్రాంతంలో ఇలా ఆల్చిప్పలు తిని కొందరు చనిపోయారు, వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. నీటి రంగు అకస్మాత్తుగా ఎర్రగానో పచ్చగానో మారినా, ఒడ్డున చేపలు తేలినా కొన్ని వారాలు గుల్లలు, ఆల్చిప్పల జోలికి పోకూడదు. తిన్నాక నోటి చుట్టూ తిమ్మిరి మొదలైతే ఇంట్లో వైద్యం మానేసి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. అబలోన్ నీటిని వడకట్టి తినదు, నాచును కొరికి తింటుంది కనుక ఈ భయం దానికి తక్కువ.

మాంసం తిన్నాక మిగిలే పెంకుకు తనదైన చరిత్ర ఉంది. సిమెంటు రాకముందు కోస్తా ఊళ్ళలో గోడలు నిలబెట్టిందీ, పండగకు తెల్లగా మెరిపించిందీ గుల్ల సున్నమే. గుల్లలను బట్టీలో బొగ్గుతో పేర్చి కాల్చి, వేడి మీద నీళ్ళు చల్లితే బుసబుసమని పొంగి తెల్లటి పొడిగా విచ్చుకుంటాయి. వెన్నలాంటి ఆ సున్నంలో గోటితో కొంచెం తీసి తమలపాకుకు రాస్తేనే తాంబూలం పండుతుంది. జపాన్‌లో ఒకప్పుడు కానుకలకు అబలోన్ కండను పలచగా చీరి ఎండబెట్టిన పట్టీని కట్టేవారు. ఇప్పుడు దాని బొమ్మను కాగితం మీద అచ్చువేసి అతికిస్తారు. కానుకలోనూ మర్యాదలోనూ గుల్లకు చోటిచ్చిన తీరాలు ఒకటికన్నా ఎక్కువే. అబలోన్ పెంకు లోపలి పొర నెమలికంఠంలా నీలి, ఆకుపచ్చ, గులాబీ రంగులు మారుస్తుంది. అది నగలకూ వాయిద్యాల మీది పొదుగుడు పనికీ వెళ్తుంది. కాకినాడ అఖాతంలో దొరికే పలచని, వెలుతురు దూరే గాజు చిప్పలను పూర్వం కిటికీలకు అద్దాల బదులు వాడేవారు. 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాలో కొన్ని శంఖాలు, గవ్వలతో పాటు ఈ చిప్పనూ చేర్చారు.

అబలోన్‌కు వచ్చిన ముప్పు పెద్దది. ఇవి నీటిలోకి గుడ్లనూ వీర్యాన్నీ వదిలేస్తాయి, అవి బయటే కలవాలి. ఆడా మగా కొద్ది మీటర్ల దూరంలో లేకపోతే కలవవు. కనుక ఒక రాతిదిబ్బ మీద చివరి జీవిని పట్టేదాకా ఆగనక్కర్లేదు, పలచబడితే చాలు సంతానం ఆగిపోతుంది. అమెరికాలో తెల్ల అబలోన్‌కు ఇదే జరిగింది. 2001లో ఆ దేశపు అంతరించే జీవుల జాబితాకు ఎక్కిన మొదటి వెన్నెముక లేని సముద్ర జీవి అదే. కాలిఫోర్నియాలో వ్యాపార వేటను 1997లో ఆపేశారు. సముద్రం వేడెక్కి, నాచు అడవులు కూలి, ఉన్న కాస్త నాచునూ సముద్రపు ముళ్ళకాయలనే జీవులు తినేయడంతో 2018 నుంచి సరదా వేటనూ మూసేశారు. దక్షిణాఫ్రికాలో దొంగవేట ఇంకా ఆగలేదు. ఇప్పుడు ప్రపంచం తినే అబలోన్‌లో చాలావరకు పెంచిందే, అందులో పెద్దవాటా చైనాది.

నౌపడ తీరంలో గుల్లల కష్టం వేటతో వచ్చింది కాదు, నేలతో వచ్చింది. కాకరాపల్లి తంపరలో థర్మల్ విద్యుత్ కేంద్రం కడతామన్నప్పుడు మత్స్యకారులూ రైతులూ ఎదురు తిరిగారు. 2011 ఫిబ్రవరిలో జరిగిన పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. తంపర నీటి మీదే మేము బతుకుతున్నాం అన్నది వారి వాదన, అందులో అతిశయోక్తి లేదు. 2023 ఏప్రిల్‌లో ఇదే తీరంలో మూలపేట ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. రేవు కోసం తీరం తవ్వినా, ఏటి మొగ మారినా ఉప్పుటేట్లోకి ఎక్కే పోటు నీటి లెక్క మారుతుంది. ఉప్పు మడులకూ గుల్లలకూ మొదట తెలిసేది అదే.

గుల్లలను పెంచే విద్య దేశంలో కొత్తది కాదు. 1947లో ఏర్పడిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 1973లో తూత్తుకుడిలో ముత్యపు చిప్పల్లో ముత్యాన్ని పండించింది. ఆ దశకంలోనే అక్కడ తినే ఆల్చిప్పల పెంపకాన్నీ మొదలుపెట్టింది. తర్వాత మన్నార్ సింధుశాఖ అబలోన్‌కు గుడ్లు పెట్టించి పిల్లలను తీసింది. అబలోన్ పిల్ల కొద్ది రోజులు నీటిలో తేలుతుంది. రాతికి పొక్కులా అంటుకుని సున్నంలా గట్టిపడే గులాబీరంగు నాచు తగిలినచోట దిగి, పాదం మోపి, పెంకును పెంచుకోవడం మొదలుపెడుతుంది. తినే పరిమాణానికి రావాలంటే ఆపైన మూడు నాలుగేళ్ళు పడుతుంది. ఆల్చిప్ప పిల్ల అంత ఆలస్యం చేయదు, ఏడాదికి అటూ ఇటుగా చేతికొస్తుంది. అది దిగడానికి వెతికేది గట్టి సున్నపు నేల. ఉప్పుటేటి బురదలో అలాంటి నేల పాత ఆల్చిప్ప పెంకులే. పెంపకందారులు అందుకే ఖాళీ పెంకులకు చిల్లు పెట్టి తాడుకు గుచ్చి, పాటు తీసినప్పుడు బయటపడకుండా ఏట్లో వేలాడదీస్తారు. కొన్ని వారాల్లో ఒక్కో పెంకు మీద మిరియపు గింజలంత మచ్చలు కనబడతాయి.